రాజా గారూ, ఒకసారి నెల్లూరు రండి
(ఇళయరాజా గారికి బహిరంగ లేఖ)



మైపాడు దారిలో, సముద్రానికి కొంచెం ఇవతల, రొయ్యల గుంటల మధ్య ఉన్న ఒక చిన్న ఊరి నుంచి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాను. కీబోర్డులు రాకముందు హార్మోనియం వాయించేవాణ్ణి. మావైపు దీన్ని ఇప్పటికీ పాటకచ్చేరి అనే అంటారు. పెళ్లిళ్లు, జాలర్ల పట్టపుపాలేల్లో గంగమ్మ జాతరలు, వినాయక చవితి పందిళ్లు, శ్రీరామనవమి రాత్రులు. ఇస్కపల్లి నుంచి కృష్ణపట్నం దాకా ఈ తీరంలో నేను వాయించని ఊరు తక్కువ. నలభై ఏళ్లు దాటింది. ఇన్నేళ్లలో వాయించిన పాటల్లో సగానికి పైగా మీవే.

నేను మీకు పరిచయం లేదు. అయినా మీతో రెండు సంగతులు చెప్పాలి, ఒకటి అడగాలి. ఇంటికి ఉత్తరం రాయకుండా పదిమందీ చదివేలా రాయడానికి కారణం ఉంది. మిమ్మల్ని నేను ఒక మాట అన్నది కూడా పదిమంది వింటుండగానే.

2017 మార్చిలో అన్నాను. గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, మా బాలు గారు, అప్పుడు అమెరికాలో ఉన్నారు. పాడటం మొదలుపెట్టి యాభై ఏళ్లయిందని, కొడుకు చరణ్‌నీ గాయని చిత్ర గారినీ వెంటబెట్టుకుని ఊరూరా కచేరీలు చేస్తున్నారు. మధ్యలో మీ లాయరు నోటీసు అందింది. అనుమతి లేకుండా మీ పాటలు వేదికల మీద పాడకూడదని. ఆయన ఆ సంగతిని ఫేస్‌బుక్‌లో రాశారు. ఇలాంటి చట్టం ఉందని తనకు తెలియదన్నారు. చట్టం కాబట్టి పాటిస్తామన్నారు. ఇక మీ పాటలు లేకుండా, మిగతా సంగీత దర్శకుల పాటలతో కచేరీలు జరుగుతాయన్నారు.

మా నెల్లూరు ఆ రోజు ఎట్లా ఉందో మీకు తెలియదు. బాలు గారు పుట్టింది కోనేటమ్మపేటలో అయినా ఆయన మా ఊరి పిల్లాడు. తిప్పరాజువారి వీధిలో ఇల్లు. తండ్రి సాంబమూర్తి గారు హరికథలు చెప్పేవారు, త్యాగరాజ ఉత్సవాలు జరిపేవారు. ఆ వీధిలో నడిచిన ప్రతివాడూ తనకు బాలు బంధువు అనుకుంటాడు. టీ అంగడి దగ్గర పేపరు చుట్టూ మనుషులు మూగారు. అందులో నేనూ ఉన్నాను. ఆ గొంతే లేకపోతే ఆ పాటలు యాడివి అన్నాను. ఇంకా అన్నాను. అవి ఇక్కడ రాయను. అప్పుడు నా మాటకు అందరూ తల ఊపారు. పాట గురించి తెలిసినవాడు చెప్తున్నాడని ఊపారు. అదే నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. పాట గురించి తెలిసినవాణ్ణే. అనకూడదని తెలియవలసినవాణ్ణి.

ఆ వారంలోనే కావలి దగ్గర ఒక పెళ్లికి వాయించాం. మూడో పాటో నాలుగో పాటో, మీది. మా గుంపులో కొత్తగా చేరిన పిల్లాడు మైకు చేత్తో మూసి నావైపు తిరిగి, అన్నా, ఇది పాడొచ్చా అని అడిగాడు. తబలా ఆయన, ప్యాడ్లు కొట్టేవాడు, సౌండు పెట్టెల దగ్గర కూర్చున్నవాడు, అందరూ నన్నే చూశారు. నేను పాడమని తల ఊపాను. పాట సాగింది, జనం ఈలలు వేశారు. కచేరీ అయ్యాక డబ్బు పంచుకుని, తెల్లవారుజామున ఇంటికొచ్చి పడుకుంటే నిద్ర పట్టలేదు. ఆ పిల్లాడు అడిగిన మాట నేను ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా నన్ను నేను అడగలేదు. పైకి చూస్తే మా ఇంటి స్లాబు కనబడింది. ఆ స్లాబు వేసింది మీ పాటలు వాయించిన డబ్బుతోనే. పిల్ల పెళ్లీ అంతే. ఆ పాటలు కట్టిన మనిషికి నేను ఒక్క రూపాయి పంపలేదు. పంపాలన్న ఊహ కూడా రాలేదు.

చట్టం సంగతి ఆ తర్వాత చదివాను, తెలిసినవాళ్లను అడిగి అర్థం చేసుకున్నాను. మీరు 1976లో అన్నక్కిళితో సంగీత దర్శకుడిగా సినిమాల్లోకి వచ్చారు. మరుసటి ఏడు 1977లోనే సుప్రీంకోర్టు, సినిమా కోసం డబ్బిచ్చి చేయించుకున్న పాట మీద హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, నిర్మాతదే అని తీర్పిచ్చింది. ఆ తీర్పుకు జస్టిస్ కృష్ణయ్యర్ తన మాటగా ఒకటి చేర్చారు: పాడే గొంతుకు మన చట్టంలో చోటే లేదు, పార్లమెంటు ఆలోచించాలి అని. అంటే మీరు బాణీ కట్టిన రోజున బాణీ మీది కాదు, బాలు గారు పాడిన రోజున గొంతు ఆయనది కాదు. ఇద్దరికీ కూలి దక్కింది, సొత్తు దక్కలేదు. 2012లో చట్టాన్ని సవరించి, రాసినవాళ్లకూ బాణీ కట్టినవాళ్లకూ రాయల్టీలో వాటా ఉండాలని, దాన్ని ముందే రాయించుకోవడం కుదరదని పెట్టారు. పాడినవాళ్లకూ ఒక వాటా ఒప్పుకున్నారు. ముప్పై అయిదేళ్లు పట్టింది.

ఇది చదివాక మీ కోపం నాకు అర్థమైంది. ఒకే అన్యాయానికి ఇద్దరూ గురైనవాళ్లే. నోటీసు మాత్రం ఒకరి నుంచి ఇంకొకరికి వెళ్లింది. అది బాలు గారికే వెళ్లి ఉండవలసిందా అంటే, ఈ రోజుకీ నా మనసు ఒప్పదు. మీకు తెలియకుండా దాచలేను. కానీ అడిగే హక్కు మీకు లేదని మాత్రం ఇక ఏ టీ అంగడి దగ్గరా అనను. అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. ఇది మొదటి సంగతి.

రెండోది కొంచెం పొడుగు.

మీ ఇద్దరి కథలో నాకు బాగా ఇష్టమైన భాగం సినిమాలకు ముందరిది. అరవైల చివర్లో బాలు గారు మద్రాసులో చిన్న పాటకచ్చేరి బృందం నడిపేవారు. అందులో మీరు, మీ అన్న భాస్కర్ గారు, మీ తమ్ముడు గంగై అమరన్ గారు వాయించేవారు. 1966 డిసెంబరు 15న సంగీత దర్శకుడు కోదండపాణి గారు బాలు గారి చేత మొదటి సినిమా పాట పాడించారు. అప్పటికి బాలు గారి పేరు ఇంకా ఎవరికీ తెలియదు, మీ పేరు అసలే తెలియదు. వాద్యాలు మోసుకుంటూ, దొరికిన బండి ఎక్కి, రాత్రంతా వాయించి తిరిగొచ్చిన రోజులు. మాలాంటి గుంపే అది. వేదిక దిగాక ఒకే ఆకులో తిన్నవాళ్ల మధ్య స్నేహం ఎలాంటిదో మాకు తెలుసు. తగువు వస్తే అది ఎంత లోతుకు దిగుతుందో కూడా తెలుసు. బయటివాడితో గొడవ మర్చిపోవచ్చు, గుంపులోవాడితో గొడవ కచేరీలో ప్రతి పాటలోనూ గుర్తొస్తుంది.

తర్వాత మీరు కట్టినవీ ఆయన పాడినవీ లెక్క చెప్పడం నా వల్ల కాదు. ఒక్కటి చెప్తాను. బాలు గారికి జాతీయ పురస్కారం ఆరుసార్లు వచ్చింది. మీకు అయిదుసార్లు. అందులో రెండు ఏళ్లు ఇద్దరికీ ఒకటే, సినిమాలూ ఒకటే: 1983 సాగరసంగమం, 1988 రుద్రవీణ. రెండూ తెలుగు సినిమాలే. సాగరసంగమం నేను మా ఊరి టూరింగ్ టాకీసులో చూశాను. మరుసటి రోజు నుంచి ఆ పాటల్లో వాద్యాలు వచ్చే చోట్లను హార్మోనియం మీద పట్టుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. అప్పటిదాకా నేను పాట అంటే పల్లవి, చరణం అనుకునేవాణ్ణి. వాటి మధ్యన వయొలిన్లు ఒక దారిలో పోతుంటే కింద బేసు గిటారు ఇంకో దారిలో పోతుందని, ఆ రెండూ కలిసే చోట గొంతు ఊపిరి తీసుకుంటుందని అప్పుడు తెలిసింది. ఆ ఊపిరి కూడా మీరు రాసి పెట్టారేమో అనిపించేది. బాలు గారు ఆ ఊపిరిలోనూ నవ్వేవారు. కాగితం మీద రాయలేనిది అదొక్కటే. మీరు రాయలేనిది ఆయన పాడారు. ఆయన పాడటానికి చోటు మీరు ఇచ్చారు. ఇది ఎవరి గొప్ప అని అడిగితే వాయించేవాడిగా నేను జవాబు చెప్పలేను. ఆ మార్చిలో మాత్రం చెప్పాను.

ఆ నోటీసుతో మీ మధ్య మాట ఆగిపోయింది. బాలు గారికి అది మొదటిసారి కాదు. హీరో కృష్ణ గారికీ ఆయనకూ ఎనభైల మధ్యలో ఏదో మాట తేడా వచ్చి, బాలు గారు కొన్నేళ్లు కృష్ణ గారికి పాడలేదు. 1986లో వచ్చిన సింహాసనంలో కృష్ణ గారికి రాజ్ సీతారామ్ గారు పాడారు. తర్వాత ఇద్దరూ కలుసుకున్నారు, మళ్లీ బోలెడు పాటలు వచ్చాయి. బాలు గారు ఆ సంగతిని ఎన్నో వేదికల మీద దాచకుండా చెప్పేవారు. చెప్పినప్పుడల్లా కృష్ణ గారి మంచితనమే ఎక్కువగా చెప్పేవారు.

హిందీలో రఫీ గారికీ లతా గారికీ అరవైల్లో వచ్చిన తగువు కూడా రాయల్టీ దగ్గరే. పాడినవాళ్లకూ వాటా ఉండాలని లత గారు, డబ్బు తీసుకుని పాడాక మన పని అయిపోయిందని రఫీ గారు. కొన్నేళ్లు కలిసి పాడలేదు. 1967లో జువెల్ థీఫ్ వచ్చేసరికి మళ్లీ వాళ్ల యుగళగీతం ఉంది, సంగీత దర్శకుడు బర్మన్ దా బాణీ. అంతటితో అయిపోయి ఉంటే ఎంత బాగుండేది. రఫీ గారు 1980లో పోయారు. ఆయన పోయిన ముప్పై ఏళ్లకు పైగా గడిచాక, ఆయన తనకు క్షమాపణ ఉత్తరం రాశారని లత గారు అన్నారు, అలాంటిదేం లేదని రఫీ గారి అబ్బాయి అన్నారు. ఎవరు తగ్గారన్న లెక్క తేలనిచోట, కలిసి పాడిన పాట కూడా సాక్ష్యంగా మారిపోతుంది. అది చదివినప్పుడు నాకు చాలా బాధ వేసింది.

మీరిద్దరూ ఆ లెక్కను మాకు ఇవ్వలేదు. 2019 మే నెలాఖరులో ఒక ఫోటో వచ్చింది. రిహార్సల్‌లో మీరిద్దరూ ఒకరినొకరు కౌగలించుకున్న ఫోటో. జూన్ 2న, మీ పుట్టినరోజు నాడు, చెన్నైలో జరిగిన కచేరీలో ఆయన మీ పాటలు పాడారు. జేసుదాసు గారు కూడా అదే వేదిక మీద ఉన్నారు. మరో రెండు రోజులకు బాలు గారి పుట్టినరోజు. ఎవరు ఎవరికి క్షమాపణ చెప్పారన్నది ఆ కచేరీలో అంశం కాలేదు. హక్కుల విషయంలో మీరు వెనక్కి తగ్గనూ లేదు. ఆ తర్వాత కూడా ఆ పోరాటం కోర్టుల్లో సాగిస్తూనే ఉన్నారు. అంటే వాదం తేలాక కలవలేదు మీరు. వాదాన్ని దాని చోట ఉండనిచ్చి, పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

ఇది చిన్న సంగతి కాదని నాకు ఎందుకు తెలుసో చెప్పాలి.

మా గుంపులో గొంతు ఒకాయనది, హార్మోనియం నాది. ఇద్దరం ఒకే ఊరు, ఒకే బడి. ఆయన పేరు రాయను. బాలు గారిలా పాడేవాడు. ఎంతలా అంటే, కళ్లు మూసుకుంటే సముద్రం గాలిలో నిజంగా బాలు గారే వచ్చారని పట్టపు ముసలమ్మలు అనేవాళ్లు. 1999లో నాకు పాటల మీద వ్యాసాలు రాసే సరదా పట్టింది. ఒక చిన్న పక్షపత్రికలో, మా జిల్లా గాయకుల గురించి రాస్తూ, ఆయన గురించి నాలుగు వాక్యాలు రాశాను. ఆయనకు సొంత గొంతు లేదని, అది ఇంకొకరి గొంతుకు నకలని, నకలుకు ముసలితనం రాదు గానీ ఎదుగుదలా రాదని. ఆ వాక్యం రాసినప్పుడు నన్ను నేనే మెచ్చుకున్నాను. పేరు పెట్టి రాశాను.

ఆయన నాతో గొడవ పడలేదు. ఒక రాత్రి కచేరీ అయ్యాక మైకు స్టాండు మడిచి, నా హార్మోనియం పెట్టె పక్కన పెట్టి వెళ్లిపోయాడు. అంతే. వేరే గుంపు కట్టుకున్నాడు. ఒకే జాతరలో రెండు వీధుల్లో రెండు కచేరీలు జరిగిన రాత్రులున్నాయి. గాలి ఇటు తిరిగినప్పుడు ఆయన పాట నా చెవిన పడేది. నేను వాయిస్తున్న పాటలో స్వరం తప్పేవాణ్ణి. ఇరవై ఏళ్లు.

మీ ఫోటో చూసిన రోజున ఆయన ఇంటికి పోదామని బండి తీశాను. ఊరి చివర కాలవ దాటే వంతెన దాకా పోయాను. బకింగ్‌హామ్ కాలవ. ఒకప్పుడు మద్రాసు నుంచి పడవలు ఈ దారినే వచ్చేవి. అక్కడ ఆగి, ఏం చెప్పాలో తోచక వెనక్కి తిరిగాను. క్షమించమందామంటే, రాసింది తప్పని నాకు పూర్తిగా అనిపించడం లేదు. సమర్థించుకుందామంటే నోరు రాదు. వాదం తేలితే గాని కలవకూడదనుకున్నాను. ఎవరు రైటో ముందే నాలో నేను తేల్చుకోవాలనుకున్నాను.

ఆ సెప్టెంబరులో రొట్టెల పండగ. మా స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాలో జరిగే పండగ మీరు వినే ఉంటారు. కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి నీళ్లలో నిలబడతారు, అదే కోరిక ఉన్నవాళ్లు ఆ రొట్టె అందుకుంటారు. విద్య రొట్టె, పెళ్లి రొట్టె, ఇల్లు రొట్టె, ఆరోగ్య రొట్టె అని కేకలు వేస్తూ వెతుక్కుంటారు. ఆ జనంలో, మోకాటి లోతు నీళ్లలో, ఆయన నిలబడి ఉన్నాడు. నన్ను చూశాడు. నేను తల తిప్పుకున్నాను. ఇది జరిగినప్పుడు నాకు యాభై దాటాయి. మరుసటి ఏడు కరోనా వల్ల చెరువు దగ్గరికి జనాన్ని రానివ్వలేదు.

2020 మీకు నేను చెప్పనక్కరలేదు. ఆగస్టు 5న బాలు గారు ఆసుపత్రిలో చేరారు. నవ్వుతూ వీడియోలో చెప్పారు, జ్వరం కొంచెమేనని. పది రోజులు తిరక్కుండానే పరిస్థితి విషమించింది. ఆగస్టు 14న మీ వీడియో వచ్చింది. మీకు అరవం, నాకు తెలుగు. అయినా ఒక్క ముక్క అనువాదం అక్కరలేకపోయింది. బాలూ త్వరగా లేచి రా అన్నారు. మన స్నేహం సినిమాతో మొదలైంది కాదు, సినిమాతో అయిపోయేదీ కాదన్నారు. పోట్లాడుకున్నప్పుడూ అది స్నేహమే, పోట్లాట లేనప్పుడూ స్నేహమే అన్నారు. ఆ పోట్లాట మాటను మీరు దాటెయ్యలేదు. అందరూ మర్చిపోవాలని కోరుకునే సంగతిని, మంచం మీద ఉన్న మనిషికి కబురు పంపుతూ మీరే ఎత్తారు. అది వింటుంటే నాకు వంతెన మీద తోచని మాట తోచింది.

ఫోన్ చేశాను. కచేరీలు లేక ఆయన రొయ్యల గుంటల దగ్గర తూకం రాసే పనికి పోతున్నాడని విన్నాను. వెనక ఏరియేటర్ల చప్పుడు వినబడుతోంది.

ఎవురూ అన్నాడు.

నేనేరా అన్నాను.

కాసేపు ఏరియేటర్ల చప్పుడే. తర్వాత అన్నాడు: "బాలు గారికి ఎట్టుందంట?"

నేను క్షమాపణ మాట ఎత్తబోతే మళ్లీ అదే అడిగాడు. ఎట్టుందంట అని. నాకు తెలిసింది చెప్పాను. ఆ రోజు నుంచి సాయంత్రం పూట ఆసుపత్రి బులెటిన్ రాగానే ఒకరికొకరం ఫోన్ చేసుకునేవాళ్లం. నలభై రోజులు. వేరే మాట లేదు. సెప్టెంబరు 25 మధ్యాహ్నం ఒంటిగంట దాటాక ఫోన్ రాలేదు, మనిషే వచ్చాడు. మాస్కు తడిసిపోయి ఉంది. అరుగు మీద కూర్చున్నాం. మా ఆవిడ లోపలినుంచి మంచినీళ్లు తెచ్చి ఆయన్ని చూసి, ఇరవై ఏళ్ల తర్వాత చూస్తున్నట్టు కాకుండా, నిన్న వచ్చి పోయినవాణ్ణి పలకరించినట్టు, తిన్నావా అన్నా అని అడిగింది.

మీరు తిరువణ్ణామలైలో మోక్షదీపం వెలిగించారని మర్నాడు టీవీలో చెప్పారు. మేమిద్దరం మా గంగమ్మ గుడిలో ఒకటి వెలిగించాం.

వ్యాసం సంగతి ఆయనే ఎత్తాడు, ఏడాది తర్వాత. అప్పటికి మళ్లీ కలిసి వాయిస్తున్నాం. కచేరీ అయ్యి తిరిగొస్తూ ట్రాలీ ఆటో వెనకాల పెట్టెల మధ్య కూర్చుని ఉన్నాం. ఆయన అన్నమాట ఆయన నోటితోనే రాస్తాను: "నువ్వు రాసింది అబద్ధమేం కాదు అబ్బయా. నాకు సొంత గొంతు ఉండాదో లేదో నేను ఎప్పుడూ ఎతుక్కోలా. జనం బాలు గొంతు అడిగినారు, ఇచ్చినా. దాంతోనే పిలకాయల్ని సదివించుకున్నా."

అప్పుడు నాకు తట్టింది. నలభై ఏళ్లుగా నేను వాయిస్తున్న ప్రతి ఇంటర్‌లూడూ మీది. మీరు రాసిన చోట రాసిన స్వరమే మోగాలని, ఒక్కటి తప్పినా జనం గుర్తుపడతారని వణుకుతూ వాయించినవాణ్ణి. నాకు సొంతమైనది ఏముందని ఆయన్ని నకలు అన్నాను? ఆయన గొంతుతో చేసింది నేను వేళ్లతో చేశాను. ఆయన్ని విమర్శించిన రోజున నాకు ముప్పై మూడేళ్లు, పాట గురించి అంతా తెలుసు. ఇప్పుడు ఆ నాలుగు వాక్యాలు ఎవరైనా నా ముందు పెడితే, తప్పు అనను. వాటిని రాసినవాడు వేదిక మీద ఆయన పక్కనే కూర్చుని కూడా ఆయన్ని వినలేదని అంటాను.

నమస్కారమైనా సమయానికి అందాలి. శ్రీశ్రీ గారు విశ్వనాథ వారి భావాలను ఎంత గట్టిగా ఎదిరించారో తెలుగువాళ్లందరికీ తెలుసు. 1976 అక్టోబరులో విశ్వనాథ వారు పోయినప్పుడు శ్రీశ్రీ గారు రాసిన స్మృతి కవిత తెలుగులో ఒక కవికి ఇంకో కవి పెట్టిన గొప్ప నమస్కారాల్లో ఒకటి. కానీ దాన్ని విశ్వనాథ వారు చదవలేదు. మీరు బాలు గారికి పెట్టిన నమస్కారం ఆయన బతికుండగా, ఆయన పాడుతుండగా పెట్టారు. 2019 జూన్ 2 నుంచి 2020 సెప్టెంబరు 25 దాకా లెక్కేస్తే పదహారు నెలలు కూడా నిండలేదు. ఆ జూన్‌లో మీరు కలవకుండా ఇంకో ఏడాది ఆగి ఉంటే, ఆ వీడియోలో మీ గొంతు ఎలా ఉండేదో ఊహించలేను.

ఇక అడగవలసినది.

బాలు గారు పోయిన ఏడాదే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మా నెల్లూరు సంగీత నృత్య పాఠశాలకు ఆయన పేరు పెట్టింది. తిప్పరాజువారి వీధిలో ఇంటిని ఆయన అదే ఏడాది ఫిబ్రవరిలో తన చేతులతోనే కంచి పీఠానికి, వేద పాఠశాల కోసం ఇచ్చి వెళ్లారు. ఆ ఇంట్లో పిల్లలు వేదం చెప్పుకుంటున్నారు, ఈ బడిలో పిల్లలు స్వరాలు పాడుతున్నారు. ఒకసారి మీరు రండి. మీరు 2025 మార్చిలో లండన్‌లో సింఫనీ వినిపించి వచ్చినవారు, మా ఊరు మీకు దూరం కాదు. చెన్నైలో పొద్దున రైలెక్కితే మధ్యాహ్నం భోజనం వేళకు నెల్లూరులో ఉంటారు.

సభ వద్దు, శాలువాలు వద్దు, ఉపన్యాసం వద్దు. నోటీసు ఎందుకు పంపారని ఎవరూ అడగరు, ఎవరు ముందు ఫోన్ చేశారని అడగరు. అది మీ ఇద్దరిది. ఆ బడిలో పన్నెండు పదమూడేళ్ల పిల్లలు ఉంటారు. పక్కపిల్ల తన కంటే బాగా పాడిందని మాట్లాడటం మానేసే వయసు. వాళ్ల మధ్య కింద కూర్చుని ఒక్క గంట హార్మోనియం పట్టుకోండి. మీ పాట ఒకటి, మీకు నచ్చినది, మీరు వాయించండి, పిల్లలు పాడతారు. తప్పు పాడితే మీరు ఆపి సరిచేస్తారు, వాళ్లు మళ్లీ పాడతారు. బాలు గారి ఫోటో గోడ మీద ఉంటుంది.

మా గాయకుడు కూడా వస్తాడు. ఆయనకు ఇప్పుడు షుగరు, గొంతు కొంచెం బరువెక్కింది, పైస్థాయి అందడం లేదు. ఒక శ్రుతి కిందికి దించి వాయిస్తున్నాను ఆయన కోసం. ఈమధ్య పాడుతుంటే, దించిన ఆ శ్రుతిలో, బాలు గారిది కాని గొంతు ఒకటి అక్కడక్కడా వినబడుతోంది. ఆయనకు నేనింకా చెప్పలేదు. మీరు విని చెబితే నమ్ముతాడు.

ఇట్లు,
మైపాడు దారి నుంచి
ఒక పాటకచ్చేరి హార్మోనియం మనిషి